వెతికితే దొరకని తెలుగు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్న మా పక్కింటి అబ్బాయి ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. తెరమీద తెలంగాణ చరిత్ర నోట్సు, వందల పేజీల పీడీఎఫ్. "అంకుల్, ఇందులో శాతవాహనులు అని కొట్టి వెతికితే ఒక్కటీ రావట్లేదు. కానీ చూడండి, ఎదురుగానే ఉంది" అన్నాడు. నిజమే, పేజీ నెత్తిన పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ మాటను కాపీ చేసి ఫోనులో పేస్ట్ చేయించాను. ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తు, తలమీద చుక్కలున్న యూరప్ అచ్చులు వరసగా వచ్చి పడ్డాయి. మన కంటికి తెలుగు. కంప్యూటరుకు మాత్రం అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు.

ఎందుకిలా అయిందో తెలియాలంటే కంప్యూటరుమీద పేజీలు కూర్చే డీటీపీ తొలిరోజులకు వెళ్లాలి. కంప్యూటరు దాచేది అంకెల్నే. 65 అంటే ఇంగ్లీషు పెద్ద ఏ అని ఆస్కీ పట్టిక చెబుతుంది. ఆ ఏ బొమ్మను గీసేది ఫాంటు. 1990లలో తెలుగు డీటీపీకి ఆధారమైన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ రోజుల్లో ఒక ఫాంటులో ఉండే గళ్లు 256. అందులోనూ కొన్ని యంత్రం సొంత ఆజ్ఞలకు పోతాయి. మనకేమో 35 హల్లులకు 12 గుణింతపు రూపాల చొప్పున వేసినా 420 అవుతాయి, ఒత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. అందుకని ఫాంటు తయారుచేసినవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు లేని ఒళ్లు ఒక గడిలో, తలకట్టు ఇంకో గడిలో, గుడి, కొమ్ము, ఒత్తు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఇంగ్లీషు ఏ ఉండాల్సిన 65వ గడిలోనూ ఏదో ఒక తెలుగు ముక్క కూర్చుంది. ఫైలు మాత్రం అక్కడున్నది ఏ అనే అనుకుంటుంది. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు కనబడుతుంది, ఫాంటు తీసేస్తే అసలు రూపం బయటపడుతుంది.

అచ్చు ఇలాగే సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్ పని నడిచింది. అక్షరాలుంచే గళ్ల కేసులో ఫలానా గడినుంచి ఒక అచ్చు, ఫలానా గడినుంచి మరొకటి తీసి వరసలో పేర్చేవాడు. తాను ఏ అక్షరమో ఆ సీసపు ముక్కకు తెలియనక్కర్లేదు. కాగితంమీద సరిగా పడితే చాలు. పాత డీటీపీ ఫాంటు ఆ కేసునే కంప్యూటరులోకి తెచ్చింది. అదొక గొప్ప నేర్పు అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అను, శ్రీలిపి, సీడాక్ ఫాంట్లు లేకపోతే ఆ రోజుల్లో తెలుగులో అన్ని పత్రికలు, అన్ని పుస్తకాలు అంత చవగ్గా వచ్చేవి కావు. గాంధీనగర్ నుంచి నారాయణగూడ దాకా సందుల్లో కనిపించే డీటీపీ బోర్డులు ఆ ఫాంట్ల మీదే నిలబడ్డాయి. చిక్కేమిటంటే ఎవరి పట్టిక వారిది. ఒకరి ఫాంటులో కొమ్ము ఉన్న గడిలో ఇంకొకరి ఫాంటులో ఒత్తు ఉంటుంది.

ఈ ఇబ్బంది మనకొక్కరికే రాలేదు. డొనాల్డ్ క్నూత్ రాసిన, పుస్తకాలు కూర్చే టెక్ సాఫ్ట్‌వేర్ తొలి ఫాంట్లలో గళ్లు 128. ఫ్రెంచి, చెక్ అక్షరాలను మామూలు అక్షరంమీద గుర్తు పెట్టి గీసేవారు. కాపీ చేస్తే అక్షరం ఒకచోట, గుర్తు ఒకచోట పడేవి. 1990లో ఐర్లండులోని కార్క్ నగరంలో టెక్ వాడుకరులు కూర్చుని 256 గళ్ల ఉమ్మడి పట్టిక ఒకటి ఖాయం చేసుకున్నారు. మనకు అలాంటి ఉమ్మడి గళ్ల పట్టిక డీటీపీలో కుదరలేదు.

ఆ మరుసటి ఏడాదే, 1991లో, ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి పట్టికగా యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు ఇచ్చారు. 256 గళ్లలో పట్టని మన లిపికి 128 ఎలా సరిపోతాయి? యూనికోడ్ ఆకారాన్ని దాచదు, అక్షరం ఏదో మాత్రమే దాస్తుంది. 'స్త్రీ' తీసుకోండి. ఫైల్లో ఉండేవి ఆరు అంకెలు: స 3128, పొల్లు 3149, త 3108, మళ్లీ పొల్లు 3149, ర 3120, చివర దీర్ఘపు గుడి 3136. అంటే మనం పలికే వరస. దాన్ని ఏ ఆకారంలో పేర్చాలో ఫాంటులోని నియమాలు తేల్చుకుంటాయి. పాత ఫాంటులో వరస వేరు: ముందు గుడితో సహా 'సీ', తర్వాత కింద త ఒత్తు, పక్కన ర ఒత్తు. అది కంటికి కనిపించే వరస. పాత ఫైలును యూనికోడులోకి మార్చే ప్రోగ్రాము పట్టికలోని అంకెను మార్చి ఊరుకుంటే చాలదు, గుడిని పట్టుకెళ్లి ఆ అక్షరం చివర, ఒత్తుల తర్వాత పెట్టాలి. ఐత్వం మరీ కష్టం. పైన ఒక ముక్క, కింద ఒక ముక్క, రెండూ కలిస్తేనే ఒక గుర్తు.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది, తెలుగు యూనికోడ్ మామూలు ఇళ్ల కంప్యూటర్లలోకి చేరింది. అయినా ప్రెస్సులు కదల్లేదు. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పుకు యూనికోడ్ తెలియదు. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ 2012లో గాని తెలుగు అక్షరాలను సరిగా పేర్చడం నేర్వలేదు. ఆపరేటర్ల వేళ్లు యాపిల్ అనే పాత కీబోర్డు అమరికకు అలవాటు పడిపోయాయి. శీర్షికలకు పెట్టుకునే అందమైన యూనికోడ్ ఫాంట్లూ లేవు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో సురవరం, గిడుగు, మండలి వంటి ఫాంట్లు ఉచితంగా వచ్చాకే ఆ లోటు కొంత తీరింది.

ఇక పీడీఎఫ్. ఎక్కడ తెరిచినా పేజీ ఒకేలా కనబడాలన్నది 1993లో పుట్టిననాటి నుంచీ దాని పట్టుదల. అందుకే వాడిన ముక్కల బొమ్మలన్నీ ఫాంటులోంచి తీసి మూటగట్టుకుని తనవెంట తీసుకుపోతుంది. పేజీలో రాసుండేది ఫలానా బొమ్మ ఫలానా చోట గీయి అని మాత్రమే. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక వేరే ఉండాలి. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో ఆ పట్టిక ఉన్నా ఇంగ్లీషు అక్షరాలనే చూపిస్తుంది. యూనికోడులో టైపు చేసినా గండం పూర్తిగా గడవదు. ఆ పట్టికకు బొమ్మల వరసే తెలుసు, పలుకు వరస తెలియదు. అందుకే కాపీ చేస్తే 'స్త్రీ' కాస్తా 'సీ్త్ర' అవుతుంది, 'ప్రభుత్వం' 'పర్భుతవ్ం' అవుతుంది. బొమ్మల వెనక అసలు మాటను దాచిపెట్టే ఏర్పాటు పీడీఎఫ్‌లో ఉంది. పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకోవాలి, అంతే.

దీనివల్ల ఎక్కువ నష్టపోయేది చూపు లేనివాళ్లు. తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు బొమ్మతో పనిలేదు, అంకెలే చదువుతుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ వేలమంది పరీక్షలకు చదువుతారు. కళ్లున్న విద్యార్థి పీడీఎఫ్‌లో వెతకలేకపోయినా చదువుకోగలడు. చూపులేని విద్యార్థికి అదే ఫైలు అర్థంలేని ఇంగ్లీషు మోత.

ఆ అబ్బాయి వచ్చి వెళ్లాక నా పాత సీడీ ఒకటి వెతికి తీశాను. 2003లో వేసిన చిన్న విజ్ఞాన వ్యాసాల పుస్తకం, పేజ్‌మేకర్ ఫైళ్లు. అప్పటి ఫాంటు నా దగ్గర లేదు. దగ్గర్లోని డీటీపీ సెంటరులో ఒకామె తన పాత కంప్యూటరులో దాన్ని ఇంకా దాచుకుంది. "ఈ మిషన్ పోతే ఇవి తెరవడం నావల్ల కాదు సార్" అంది. కన్వర్టరులో వేసి మార్చి ఇచ్చింది. నూటికి తొంభై మాటలు చక్కగా వచ్చాయి. మిగిలినవి పుస్తకం పక్కన పెట్టుకుని ఇద్దరం చూసుకున్నాం.

ఒక పేజీ అడుగున ఒంటరిగా ఒక న ఒత్తు మిగిలింది. ఏ మాటదో అంతుపట్టలేదు. పుస్తకం తెరిస్తే తెలిసింది. ఆ పేజీలో 'జ్యోత్స్న' అనే మాట ఉంది. అప్పటి ఫాంటులో స ఒత్తు కింద న ఒత్తు పట్టక, టైపు చేసినాయన చిన్న న ఒత్తును విడిగా ఒక పెట్టెలో పెట్టి, మౌసుతో జరిపి, సరిగ్గా దాని కింద అమర్చాడు. ఆ పెట్టె ఏ మాటదో ఫైలుకు తెలియదు. ఆమె దాన్ని చెరిపేసి, జ తో మొదలుపెట్టి ఆ మాటను మళ్లీ కొట్టింది.