బోర్బన్ పండక్కి వెళ్తే రోజుకు రెండు చాలు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లూయీవిల్ నగరానికి దాదాపు 65 కిలోమీటర్ల దూరాన, బార్డ్స్‌టౌన్ అని ఒక చిన్న ఊరుంది. జనాభా 13 వేల పైచిలుకు. ఏటా సెప్టెంబరులో ఒక వారాంతం ఆ ఊళ్ళో కాలు పెట్టడానికి చోటుండదు. బోర్బన్ అనే అమెరికా విస్కీ పేరిట 1992లో ఒక విందుతో మొదలైన కెంటకీ బోర్బన్ ఫెస్టివల్ ఇప్పుడు మూడు రోజుల టికెట్ల పండగ. 21 ఏళ్ళు నిండనివాళ్ళకు ప్రవేశం లేదు. వెళ్ళాలనుకునేవాళ్ళకు మొదట తట్టే ప్లాను ఒకటే: మూడు రోజులూ పండగ, సందు దొరికినప్పుడల్లా చుట్టుపక్కల ఆరేడు డిస్టిలరీలు. అంత దూరం వెళ్ళాక అన్నీ చుట్టేసి రావాలి కదా అన్న లెక్క. ఈ లెక్క తలకిందులుగా ఉందని నా వాదన. పండగకు ఒక్క రోజు, మిగతా రోజుల్లో రోజుకు రెండే డిస్టిలరీలు. అంతకు మించి పెట్టుకుంటే ఖర్చు పెరుగుతుంది, తిరుగుడు పెరుగుతుంది, బోర్బన్ గురించి తెలిసేది మాత్రం తగ్గుతుంది.

ముందు సీసాలో ఉన్నదాని సంగతి చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీలో ఆల్కహాల్ మామూలుగా 42.8 శాతం. అంటే 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో అచ్చమైన ఆల్కహాల్ సుమారు 26 మిల్లీలీటర్లు. బోర్బన్‌ను కనీసం 40 శాతం దగ్గర సీసాల్లో పోయాలన్నది అమెరికా చట్టం. కానీ పండగలో జనం వెతుక్కునేది ఆ పలచటి సరుకును కాదు, నీళ్ళు కలపకుండా పీపాలోంచి నేరుగా దింపిన 55, 60 శాతం సరుకును. అలాంటివి 15 మిల్లీలీటర్ల చొప్పున ఆరు రుచి చూశారనుకోండి. చూడ్డానికి ఆరు చిన్న గుక్కలే. లెక్క వేస్తే దాదాపు 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే మన రెండు లార్జ్ పెగ్గులు. దాన్ని వదిలించుకోవడానికి మామూలు ఒంటికి నాలుగైదు గంటలు పడుతుంది. ఇది ఒక్క డిస్టిలరీలోనో, పండగలో ఒక్క గంటలోనో అయ్యే పని. నాలుక సంగతి ఇంకా ముందే తేలిపోతుంది. నాలుగైదు ఘాటైన రుచులయ్యాక వెనీలా ఏదో, కాలిన చెక్క ఏదో చెప్పగలిగేవాళ్ళు తక్కువ. మధ్యాహ్నం మూడో డిస్టిలరీకి చేరేసరికి ఆ ఖరీదైన సరుకు రుచి చూస్తున్నది పనిచేయని నాలుక. రుచి చూసి ఉమ్మేయడానికి కప్పులుంటాయి, వాడుకోవడం నామోషీ కాదు. రెండు చుక్కల నీళ్ళు కలిపితే మంట తగ్గి వాసన విచ్చుకుంటుంది. సోడా, ఐసు నిండా పోసుకునే మన అలవాటును మాత్రం ఆ మూడు రోజులు పక్కన పెట్టాలి.

మరి తాగడం అంత తగ్గించుకుంటే వెళ్ళడం దేనికి? గిడ్డంగులు చూడటానికి. బోర్బన్‌ను అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా చేయవచ్చు. 1964లో అక్కడి కాంగ్రెస్ దీన్ని తమ దేశపు విశిష్ట ఉత్పత్తిగా గుర్తించింది, ఒక్క కెంటకీకి రాసివ్వలేదు. చట్టం ప్రకారం పిండిలో మొక్కజొన్న 51 శాతానికి తగ్గకూడదు. సరుకును నింపేది లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా అయ్యుండాలి. నింపేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం దాటకూడదు. రంగు కలపకూడదు. అంటే పారదర్శకంగా నీళ్ళలా పీపాలోకి వెళ్ళినదానికి ఆ తేనె రంగు, రుచిలో పెద్ద వాటా ఇచ్చేది చెక్కే. ఎండాకాలం వేడికి సరుకు వ్యాకోచించి చెక్కలోకి చొరబడుతుంది, చలికి వెనక్కి వస్తుంది. ఏళ్ళ తరబడి ఇదే రాకపోక. ఈ క్రమంలో ఏటా నూటికి మూడు నాలుగు పాళ్ళు ఆవిరైపోతుంది. ఆ ఆవిరి తిని బతికే నల్లటి బూజు ఒకటుంది, పేరు బౌడోయినియా. గిడ్డంగి గోడలు, పక్కనున్న చెట్ల కాండాలు మసి పూసినట్టు నల్లగా ఉండటం దానివల్లే. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు దీనిమీద కోర్టులకెక్కిన సందర్భాలూ ఉన్నాయి. కరపత్రాల్లో ఈ నలుపు కనిపించదు కాబట్టి దగ్గరికెళ్ళి గోడ చూడాలి.

రోజుకు రెండు అనడానికి అసలు కారణం ఇక్కడుంది. ఒక జత చెబుతాను. బార్డ్స్‌టౌన్‌లో హెవెన్ హిల్ సంస్థ గిడ్డంగులు ఏడంతస్తులవి. పై అంతస్తు వేసవిలో కాగిపోతుంది, కింది అంతస్తు చల్లగా ఉంటుంది. ఒకే రోజు నింపిన రెండు పీపాలు, ఒకటి పైన ఒకటి కింద ఉంటే, ఎనిమిదేళ్ళకు రెండు వేర్వేరు సరుకులవుతాయి. అక్కడికి దగ్గర్లోనే కాక్స్ క్రీక్‌లో ఫోర్ రోజెస్ సంస్థ గిడ్డంగులున్నాయి. అవన్నీ ఒకే అంతస్తువి. వేడిలో తేడా రాకుండా వాళ్ళు అలా కట్టుకున్నారు. తేడాలను రెండు పిండి మిశ్రమాలు, ఐదు రకాల ఈస్టులతో, మొత్తం పది వంటకాలతో తెచ్చుకుంటారు. ఈ రెండూ ఒకే రోజు చూస్తే బోర్బన్‌లో వాదం ఏమిటో కళ్ళకు కడుతుంది: రుచిని ఎండకు వదిలేయాలా, వంటవాడి చేతిలో ఉంచుకోవాలా? ఈ ప్రశ్నతో బయటికొచ్చినవాడికి మూడో డిస్టిలరీ ఇచ్చేదేమీ ఉండదు, అవే రాగి పాత్రలు, అవే మాటలు. పీపాల గిడ్డంగికి ఇంకో ముఖం కూడా ఉంది. 1996 నవంబరులో హెవెన్ హిల్‌లో మంటలు లేచి ఏడు గిడ్డంగులు, 90 వేల పైచిలుకు పీపాలు కాలిపోయాయి. మండుతున్న మద్యం వాలు వెంట ఏరులా పారింది. పీపాల మధ్య నిలబడ్డప్పుడు ఈ సంగతి గుర్తుంటే గైడు పొగతాగొద్దని ఎందుకంత గట్టిగా చెబుతాడో అర్థమవుతుంది.

అలాగైతే గిడ్డంగులు ఏడాది పొడుగునా తెరిచే ఉంటాయి, రద్దీ వారాంతంలోనే ఎందుకు వెళ్ళాలి అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిజానికి ఏప్రిల్‌లో వెళ్తే గది చవక, టూరు టికెట్టు సులువు. పండగ ఒక్క విషయంలోనే గెలుస్తుంది. చిన్న డిస్టిలరీలు, రాష్ట్రం నలుమూలలా చెదిరి ఉన్నవి, మీరు కారేసుకుని వెళ్ళలేనివి, పండగ జరిగే పచ్చిక మైదానంలో ఒక్కచోటికి వస్తాయి. పోసిచ్చే బల్ల వెనక చాలాసార్లు దాన్ని కాచినవాళ్ళే నిలబడతారు. కాబట్టి ఆ ఒక్క రోజునూ పేరు మోసిన కంపెనీల గుడారాల దగ్గర తగలేయకూడదు. వాళ్ళను వాళ్ళ ఇంట్లోనే చూస్తారు కదా. అరుదైన సీసా కోసం తెల్లారకముందే క్యూ కట్టే జనాన్ని చూసి కంగారు పడొద్దు. ఆ క్యూలో పోయేది మీ నాలుక చురుగ్గా ఉండే పొద్దుటి పూట.

ఇంకో అభ్యంతరం వేరే రకంది, దాన్ని దాటేయడం సబబు కాదు. బార్డ్స్‌టౌన్‌లో ఈ పండగ మొదలైన 1992 ప్రాంతంలోనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత మనం చూసిన చరిత్ర. అలాంటి నేల మీద మద్యం పండగకు దారి చెప్పడమేమిటని అడిగితే, ఖరీదైన మద్యం మంచిదని, చౌక సారా చెడ్డదని నేను అనను. కాలేయానికి ధర తెలియదు. కెంటకీలో కూడా ఈ పేచీ ముగిసిపోలేదు. ప్రపంచంలోని బోర్బన్‌లో సింహభాగం చేసే ఆ రాష్ట్రంలో మద్యం అమ్మకాన్ని ఓటేసి నిషేధించుకున్న కౌంటీలు నేటికీ ఉన్నాయి. తాగనివాళ్ళు వెళ్ళాలని నేను చెప్పను. వెళ్ళాలని నిశ్చయించుకున్నవాళ్ళు తక్కువ తాగేలా ప్లాను వేసుకోవచ్చని మాత్రం చెబుతాను. గిడ్డంగి చూడటానికి తాగాల్సిన పని లేదు, తోడొచ్చినవాళ్ళలో తాగనివాళ్ళకూ అది నచ్చుతుంది.

ఇక ఏర్పాట్లు. సంక్రాంతికి రైలు టికెట్లు చేసుకున్నట్టు గదులు నెలల ముందే చేసుకోవాలి. నడిచి వెళ్ళగలిగే దూరంలో దొరికితే ఎంత ఖరీదైనా వదులుకోకండి. లూయీవిల్‌కే ప్రయాణికుల రైలు లేదు, కాబట్టి అటుపైన అంతా రోడ్డే. డిస్టిలరీలన్నీ పల్లె దారుల్లో ఉంటాయి, పిలిచిన వెంటనే క్యాబ్ వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. డ్రైవరుతో బండి మాట్లాడుకోవడమో, మీలో ఒకరు ఆ రోజంతా చుక్క ముట్టకపోవడమో తేల్చుకున్నాకే టికెట్లు కొనాలి. రక్తంలో 0.08 శాతం దాటి బండి నడిపితే అక్కడ నేరం. మనవాళ్ళకు అంతకంటే పెద్ద చిక్కు వీసా. చదువుకో, ఉద్యోగానికో, చూసిరావడానికో వెళ్ళినవారు తాగి నడిపి అరెస్టయితే కోర్టు తీర్పు దాకా ఆగకుండానే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది, వాడుతుంది కూడా. రెండు గుక్కల తేడాకు అయిదేళ్ళ ఉద్యోగం పణంగా పెట్టినట్టు.

సీసాలు తెచ్చుకునేవాళ్ళు విమానం సంగతి ముందే చూసుకోవాలి. 70 శాతం దాటిన మద్యాన్ని ఏ సామానులోనూ ఎక్కించరు, కొన్ని పీపా బోర్బన్లు ఆ గీత దాటుతాయి. లేబుల్ మీద 140 ప్రూఫ్ అని ఉంటే అదే 70 శాతం. 24 నుంచి 70 శాతం మధ్య ఉన్నవి చెకిన్ సామానులో మనిషికి అయిదు లీటర్ల వరకు కుదురుతాయి. భారతదేశంలో దిగాక సుంకం లేకుండా అనుమతి రెండు లీటర్లకే. 2025 ఫిబ్రవరిలో బోర్బన్ దిగుమతి సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి తగ్గించారు గానీ, అది వ్యాపారంగా తెచ్చే సరుకు సంగతి. అక్కడి సీసా 750 మిల్లీలీటర్లు. రెండు సీసాలంటే లీటరున్నర, మూడోది కొంటే పరిమితి దాటుతుంది.