నమూనా రైలుమార్గం: రంగులో వాస్తవికత

ఒక వస్తువుకు నమూనా నిర్మించడమంటే దానిని చిన్నదిగా చేయడం మాత్రమే కాదు. దానిని శ్రద్ధగా పరిశీలించడం కూడా. ఐరోపా, అమెరికా దేశాలలో వయోభేదం లేకుండా ఎందరో అభ్యసించే నమూనా రైల్వే నిర్మాణం ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ కళలో ఇంజనుకూ పెట్టెలకూ లభించే ఆదరం పట్టాలకు లభించదు. కాని పట్టాలు కృత్రిమంగా కనిపిస్తే, వాటిమీద నడిచేది ఎంత అందమైన బండి అయినా ఆటబొమ్మగానే మిగిలిపోతుంది. అందుచేత పట్టాలకు సహజ రూపం కల్పించే విధానాన్నీ, దాని వెనుకనున్న కారణాలనూ తెలుసుకుందాం.

ఈ నమూనాలలో మిక్కిలి ప్రచారం పొందినది 'హెచ్.ఓ.' ప్రమాణం. ఇందులో ప్రతి వస్తువూ అసలులో 87వ వంతు ఉంటుంది. పాశ్చాత్య దేశాలలో అధికంగా వాడుకలో ఉన్న రైలుమార్గం వెడల్పు 1,435 మిల్లీమీటర్లు. నమూనాలో అది 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు గనుక, ఇదే ప్రమాణంలో 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. కనుక ఆ పట్టాలను మన రైలుమార్గానికి యథాతథ ప్రతిబింబాలుగా భావించరాదు.

నమూనా పట్టా సాధారణంగా 'నికెల్ సిల్వర్' అనే మిశ్రమలోహంతో తయారవుతుంది. పేరులో తప్ప అందులో వెండి లేదు. ఉన్నవి రాగి, నికెలు, జింకు. స్లీపర్లు నిగనిగలాడే ప్లాస్టిక్కు. పైగా పలువురు వాడే 'కోడ్ 100' పట్టా ఎత్తు అంగుళంలో పదోవంతు. దానిని 87తో హెచ్చిస్తే 8.7 అంగుళాలు వస్తుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థ వేసిన భారీ పట్టాల ఎత్తు సైతం 8 అంగుళాలే. ఈ అతిశయాన్ని కొలతతో సరిదిద్దలేము గాని రంగుతో మరుగుపరచవచ్చు. పట్టా పక్కలు ముదురు రంగులో ఉంటే చూపు పైనున్న సన్నని మెరుపు మీదనే నిలుస్తుంది. పట్టా సన్నబడినట్లు తోస్తుంది.

ఏ రంగు వేయాలి? ఇందుకు సమాధానం సమీపంలోని రైల్వే స్టేషనులో దొరుకుతుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి గమనించండి. పట్టాల పక్కలు వెండి రంగులో ఉండవు. కొత్త తుప్పు నారింజ ఛాయలో ఉంటుంది. ముదిరిన తుప్పు చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. క్రియోసోటు నూనె పట్టించిన కర్ర స్లీపరు తొలుత ఇంచుమించు నల్లగా ఉండి, ఏళ్ల తరబడి ఎండవానలకు బూడిద రంగుకు మారుతుంది. మన దేశంలో నేడు విరివిగా కనిపించే కాంక్రీటు స్లీపరు మొదటినుంచీ బూడిద రంగుదే. ఏ దేశపు మార్గాన్ని, ఏ కాలపు మార్గాన్ని చూపదలచామో నిర్ణయించుకున్న పిదపనే కుంచె పట్టాలి.

ఇక పని క్రమం. మొదట పట్టాలను బిగించి, కరెంటు తీగలను సోల్డరింగు చేసి, బండి నడిపి చూడాలి. రంగు పడిన లోహానికి సోల్డరు అతుకదు. తరువాత సబ్బునీటితో జిడ్డు తొలగించి బాగా ఆరనివ్వాలి. బండి దారి మార్చే పాయింట్ల కదిలే భాగాలను టేపుతో కప్పాలి. అప్పుడు మెరుపు లేని ముదురు గోధుమ రంగును పలుచగా స్ప్రే చేయాలి. గాలి ఆడే చోట, ముక్కుకు తగిన మాస్కు ధరించి ఈ పని చేయడం క్షేమం. రంగు పచ్చిగా ఉండగానే, చెక్కముక్కకు చుట్టిన గుడ్డతో పట్టాల పైభాగాన్ని తుడవాలి. ఆరిన పిదప సన్నని కుంచెతో పక్కలకు తుప్పు రంగు వేయాలి. కర్ర స్లీపర్లయితే అన్నింటికీ ఒకే రంగు తగదు. అక్కడొకటి ఇక్కడొకటి ఛాయ మార్చాలి.

కంకర పరచడం ఆ తరువాతి మెట్టు. 50 మిల్లీమీటర్ల రాయి ఈ ప్రమాణంలో 0.6 మిల్లీమీటరు కన్నా చిన్నది. కనుక జల్లించిన సన్నని రాతిపొడి చాలు. అది స్లీపరు పైతలానికి మించరాదు. సబ్బుచుక్క కలిపిన నీటిని చిలకరిస్తే పొడి తడిని సులువుగా పీల్చుకుంటుంది. అనంతరం నీళ్లు కలిపిన తెల్ల జిగురును ఇంకు ఫిల్లరుతో బొట్టుబొట్టుగా వదలాలి. జిగురు పాయింట్లలోకి జారితే అవి బిగుసుకుపోతాయి. కంకర పడిన పిదప రంగు దిద్దడం కష్టం గనుకనే ఈ క్రమం పాటించవలసి ఉంటుంది.

ఈ పనిలో ఒక చిక్కున్నది. నమూనా ఇంజనుకు విద్యుత్తు పట్టాల నుంచి చక్రాల ద్వారా అందుతుంది. పైభాగంలో రంగు మిగిలితే బండి ఆగిపోతుంది. అందానికి రంగు కావాలి. నడకకు శుభ్రమైన లోహం కావాలి. విచిత్రమేమంటే అసలు రైలుమార్గపు స్వరూపమూ ఇదే. పక్కలు తుప్పు పట్టినా, చక్రాల రాపిడికి పైభాగం అద్దంవలె మెరుస్తుంది. బండ్లు నడవని సైడింగులో పైభాగమూ తుప్పెక్కుతుంది. అది కంటికి మాత్రమే సంబంధించిన లోపం కాదు. ట్రాక్ సర్క్యూట్ ఉన్నచోట రెండు పట్టాలనూ ఇరుసు కలిపినప్పుడే అక్కడ బండి ఉన్నదని సిగ్నలు వ్యవస్థ గ్రహిస్తుంది. తుప్పు పొర అడ్డుపడితే ఉన్న బండి లేనట్లు తోచే ప్రమాదం కలదు. కనుక పైమెరుపు అలంకారం కాదు, ఆ మార్గం పనిలో ఉన్నదనడానికి నిదర్శనం.

పట్టా వెండివలె ఉంటుందని ఊహించి రంగు వేసేవాడు తన ఊహకే నమూనా కడతాడు. చూచి వేసేవాడు వస్తువుకు నమూనా కడతాడు. విజ్ఞాన ప్రదర్శనలకు నమూనాలు సిద్ధం చేసే విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తించి, కుంచె కన్నా ముందు కంటికి పని కల్పించాలి.