పాడి ఉన్న ఇంట ఆకుకూర మడి

సంఘం పాస్‌పుస్తకంలో ఎన్ని లీటర్లు పోశారు, వెన్న ఎంత శాతం వచ్చింది, బిల్లు ఎంత అయింది అన్నీ ఉంటాయి. పేడ లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. మాఘమాసం దాటి ఎండ ముదిరే కొద్దీ పచ్చిమేత తగ్గుతుంది, గేదెల పాలు తగ్గుతాయి, బిల్లు కూడా తగ్గుతుంది. సంతలో ఆకుకూర ధర పెరిగేదీ అప్పుడే. ఈ రోజుల్లో పెరటిలోని ఎరువుగుంట మన ఇంటికి ఎట్లా అక్కరకు వస్తుందో సభ్యులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాలు ఉండగా కూర ఎందుకు?

పాడి ఉన్న ఇంట పోషణకు లోటు ఉండదని చాలామంది అనుకుంటారు. పాలలో మాంసకృత్తులు, కాల్షియం సమృద్ధిగా ఉన్న మాట నిజమే. కాని ఇనుము అతి స్వల్పం. పైగా చాలా ఇళ్లలో కేంద్రానికి పోయగా మిగిలిన పాలు టీకి మాత్రమే సరిపోతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నది. తెల్లవారకముందే లేచి పేడ తీసి పాలు పితికేది ఎక్కువగా వీరే. ఆకుకూరలలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, శరీరంలో ఎ విటమినుగా మారే పదార్థం ఉన్నాయి.

ఎత్తు మడి

పశువులు తొక్కిన పెరటి నేల గట్టిపడి ఉంటుంది. నీరు ఇంకక నిలిచి, విత్తనం కుళ్లిపోతుంది. అందుచేత ఎత్తు మడి మేలు. 3 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు చాలు. ఈ వెడల్పు అయితే రెండు వైపుల నుంచి చేయి అందుతుంది, మడిలో కాలు పెట్టనక్కర లేదు. నేలను జానెడు లోతు తవ్వి గుల్ల చేసి, చుట్టుపక్కల పైమట్టి ఎత్తిపోసి, 4 నుంచి 6 అంగుళాలు ఎత్తు చేయాలి. అంతకు మించితే వేసవిలో త్వరగా ఆరిపోతుంది. అంచుల వెంట చిన్న గట్టు పెడితే నీరు బయటికి జారదు. పాకకు తూర్పు వైపున వేస్తే ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ దొరుకుతాయి. కోళ్లు, దూడలు రాకుండా కంప నాటాలి.

ఎరువులోనే ఉన్నది కిటుకు

పచ్చిపేడ ఎన్నడూ వేయరాదు. అది మడిలో కుళ్లేటప్పుడు వేడి పుట్టి మొలకలు మాడతాయి, చెదలు చేరతాయి, కలుపు విత్తనాలు మొలుస్తాయి. ఇంతకన్నా ముఖ్యం, పేడలోని రోగక్రిములు ఆకుకు అంటుకుని ఇంట్లోకి వస్తాయి. గుంట అడుగున నాలుగైదు నెలలు మాగిన ఎరువునే తీయాలి. పిడికిట పడితే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు, వేడి తగలకూడదు. ఈ మడికి రెండు గంపల ఎరువు మట్టిలో బాగా కలపాలి. యూరియా అవసరం లేదు.

పాక కడిగిన నీరు ఆకుకూరకు కాక పశుగ్రాసపు మడికి మళ్లించండి. గోమార్లకు మందు పూసిన రోజు నీటిని, క్యాన్లు కడిగిన సోడా నీటిని కూరమడి దరిదాపులకు రానీయకండి.

ఏ కూర, ఎప్పుడు?

ఎండకు తట్టుకునేవి తోటకూర, గోంగూర, బచ్చలి. మెంతికూర, కొత్తిమీర ఎండలు ముదిరితే త్వరగా పూతకు వస్తాయి గనుక వాటిని ముందుగా వేసి లేతగానే కోసుకోవాలి. శివరాత్రికి తోటకూర చల్లితే ఉగాది నాటికి కూర చేతికి వస్తుంది. మడిని మూడు భాగాలు చేసి, పది రోజులకొక భాగం చొప్పున చల్లితే కూర ఒక్కసారే వచ్చి ముదిరిపోకుండా వరుసగా అందుతుంది. తోటకూర విత్తనం సన్నం. ఒక్కో భాగానికి చిటికెడు విత్తనం పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా ఎరువు జల్లి, మొలక వచ్చేదాకా వరిగడ్డి కప్పాలి. మొలక కనిపించగానే గడ్డి తీసివేయాలి. బచ్చలిని కంప పక్కన నాటితే దానిపైకే పాకుతుంది. నీరు ఉదయం గాని సాయంత్రం గాని సన్నగా పోయాలి.

పురుగు పడితే

ఆకు తినే పురుగు కొద్దిగా ఉంటే చేత్తో ఏరివేయవచ్చు. ఎక్కువైతే 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి చల్లండి. పొలానికి తెచ్చిన పురుగుమందు ఇక్కడ వాడరాదు. మందు కొట్టిన ముదురు ఆకును గేదెకు వేస్తే కొన్ని మందుల అవశేషాలు పాలలోకి రాగలవు. కేంద్రంలో అందరి పాలూ ఒకే క్యాన్‌లో కలుస్తాయి. ఒక ఇంటి అజాగ్రత్త ఊరందరి పాలకు చేటు తెస్తుంది.

మరొక సంగతి. పేడ, మూత్రం మితిమీరి చేరిన చోట పెరిగిన తోటకూరలో నైట్రేటు ఎక్కువగా ఉంటుంది. పీకేసిన ముదురు మొక్కలను ఆకలిగొన్న పశువుకు మోపుగా వేస్తే ప్రాణాపాయం. వాటిని ఎరువుగుంటలోనే వేయడం శ్రేయస్కరం.

వండే తీరు

ఆకును తరగకముందే రెండు మూడు నీళ్లలో కడగాలి. మూతపెట్టి కొద్ది నీటితో ఉడికించి, ఆ నీరు పారబోయకుండా వాడుకోవాలి. తినేటప్పుడు నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే తగ్గుతుంది. ఆకుకూర తింటున్నామని ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్రలు మానరాదు. కూర ఆహారమే గాని మందు కాదు.

మడికి విత్తనం ఖర్చు తప్ప పెద్ద ఖర్చు లేదు. గుంట తవ్వడం, మట్టి ఎత్తడం మగవారు చూసుకుంటే మిగతా పని పూటకు పావుగంట. కోసిన కూరలో మొదటి వంతు పాలు పితికే చేతులకు, పిల్లల కంచాలకు చేరేటట్లు చూడవలసిన బాధ్యత ఇంటి పెద్దలది. మిగిలితే ఇరుగుపొరుగుకు ఇవ్వండి, వచ్చే ఏటికి ఒకటి రెండు మొక్కలు విత్తనానికి వదలండి.