బెంగుళూరుకు వెళ్లిన ఆడపిల్లలు: నీళ్లు, మొహమాటం

మన సరిహద్దు మండలాలలో బెంగుళూరుకు ఒక్క మనిషినైనా పంపని వీధి కనిపించుట అరుదు. హిందూపురంలోనో, మడకశిరలోనో, కుప్పంలోనో బస్సో రైలో ఎక్కి వెళ్లినవారిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలలో కుట్టుపని చేసే ఆడపిల్లలు తక్కువేమీ కాదు. పీణ్యా, మైసూరు రోడ్డు, బొమ్మనహళ్లి ప్రాంతాలలో ముగ్గురు నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, వంతులవారీగా వండుకుని, జీతంలో కొంత ఇంటికి పంపుతూ ఉంటారు. పండుగకు వచ్చినప్పుడు "చిక్కిపోయావేమే" అని తల్లి అంటే, "ఏం లేదమ్మా, కొంచెం వేడి చేసింది" అని కూతురు మాట దాటవేస్తుంది. ఆ "వేడి" అనే మాట వెనుక దాగిన సంగతిని ఇక్కడ వివరింపదలచాము.

మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, తలనొప్పి, మలబద్ధకం, కారణం తెలియని నీరసం - వీటన్నిటినీ మనవారు వేడి అనే ఒక్క పేరుతోనే పిలుస్తారు. వీటిలో చాలావాటికి చాలినన్ని నీళ్లు త్రాగకపోవుటే కారణం కావచ్చును. చిత్రమేమంటే, ఈ పిల్లలు నీళ్లు దొరకక మానివేయుట లేదు, కావాలనే మానుతున్నారు. గంటకు ఇన్ని పీసులని లెక్క ఉంటుంది. మధ్యలో లేచి వెళితే లెక్క తప్పుతుంది, సూపర్‌వైజరు చేత మాట పడవలసి వస్తుంది. వెళ్లినా మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం లేదు. అందువలన ఉదయం అరగ్లాసు నీళ్లతో సరిపెట్టుకుని, సాయంత్రం గది చేరేవరకు గొంతు తడుపుకోని వారున్నారు. ఇళ్లలో పనిచేసే స్త్రీలు, భవన నిర్మాణంలో ఇటుకలు మోసే స్త్రీలు చేసేదీ ఇదే. అంతదూరమెందుకు, మన ఊరి బడిలో చదివే ఆడపిల్లలను అడిగినా ఇదే చెబుతారు.

శరీరంలో జరిగేది ఇది. మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టి మలినాలను నీటితో బయటకు పంపుతాయి. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి ముదురు పసుపు రంగుకు తిరుగుతుంది. అందులోని లవణాలు గడ్డకట్టి క్రమంగా రాళ్లు కావచ్చును. వచ్చిన మూత్రాన్ని గంటల తరబడి బిగబట్టినచో మూత్రాశయంలో సూక్ష్మజీవులు పెరుగుటకు వ్యవధి దొరుకుతుంది. పురుషులలో మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్లుండగా స్త్రీలలో అది సుమారు 4 సెంటీమీటర్లే. కనుక సూక్ష్మజీవి లోనికి చేరుట వారిలో సులభం. మంటతో పాటు చలిజ్వరం, నడుముకు ఒక ప్రక్క పైభాగంలో నొప్పి, వాంతులు కనిపించినచో వ్యాధి మూత్రపిండాల వరకు ప్రాకినట్లు అనుమానించి, ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లవలెను. గర్భిణి అయితే మంట ఒక్కటే కనిపించినా ఆలస్యం చేయరాదు.

బెంగుళూరు వాతావరణం కూడా కొంత మోసం చేస్తుంది. ఆ నగరం సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. మన అనంతపురం ఎండకు అలవాటుపడినవారికి అక్కడ దాహమే తోచదు. దాహం వేయలేదని శరీరానికి నీరు అక్కరలేకపోదు. పైగా అది ఎల్లప్పుడూ చల్లని ఊరని కూడా చెప్పలేము. 2016 ఏప్రిల్‌లో అక్కడ 39.2 డిగ్రీల వేడి నమోదైంది. ఇక గదులలో నీటి సంగతి. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకరు కోసం, నాణెం వేసి క్యాను నింపుకునే యంత్రాల వద్ద జనం వరుసలు కట్టారు. అదే ఏడాది అక్టోబరులో కావేరి అయిదవ దశ పథకం ప్రారంభమై నగరం అంచున ఉన్న 110 గ్రామాలకు నీరిచ్చుటకు ఏర్పాటు జరిగింది. అయినను అద్దె గదులలో త్రాగునీటికి క్యాను కొనుక్కునేవారు నేటికీ ఉన్నారు. కొన్న నీటిని పొదుపుగా త్రాగుట ఇంకొక దురలవాటు.

ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు రెండు లీటర్లు, అనగా ఎనిమిది గ్లాసుల నీరు అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. ఎండలోనో, ఇస్త్రీ ఆవిరి మధ్యనో పనిచేసేవారికి మరికొంత కావలెను. పలుచని మజ్జిగ, రాగి అంబలి కూడా లెక్కలోకి వస్తాయి. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే చాలినంత త్రాగినట్లే. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడు చెప్పిన కొలతనే పాటించవలెను.

ఇంతకూ ఈ బాధ ముందుగా ఎవరికి తెలుస్తుంది? తల్లికి కాదు, ప్రక్క చాప మీద పడుకున్న స్నేహితురాలికి. రాత్రి నాలుగుసార్లు లేచినది ఆమె చూస్తుంది. ఒకతె నోరు తెరిచి చెప్పిన తరువాత "నాకూ అంతే" అని మిగిలిన ఇద్దరూ అనుట ఆ గదులలో వింత కాదు. ఆ మాటతో సగం సిగ్గు పోతుంది. ముగ్గురూ సీసాలు నింపుకుని వెళ్లగలరు, భోజన విరామంలో కలిసి మరుగుదొడ్డికి వెళ్లగలరు, ఒక్కరు అడగలేని దానిని ముగ్గురు కలిసి అడగగలరు. 2016 ఏప్రిల్‌లో భవిష్యనిధి నిబంధనపై రోడ్డెక్కి కేంద్ర ప్రభుత్వం చేత దానిని వెనక్కు తీయించినవారు ఈ బెంగుళూరు గార్మెంట్స్ స్త్రీలే. అంతటివారు మూత్రానికి వెళ్లుటకు జంకవలసి రావడం బాధాకరం. మంచినీరు, స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు ఏర్పాటు చేయుట యజమాని బాధ్యత. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉన్న ఈ నియమం 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఉన్నది.

అయితే స్నేహితురాండ్రు పంచుకోకూడనిది ఒకటున్నది - మిగిలిపోయిన మాత్రలు. ఒకతెకు వైద్యుడు అయిదు రోజులకిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలను ఆమె రెండు రోజులు మింగి, మంట తగ్గగానే మిగిలినవి ప్రక్కనున్న పిల్లకు ఇస్తుంది. దీనివలన ఇద్దరికీ నష్టమే. చావని సూక్ష్మజీవులు మందుకు లొంగని విధంగా తయారవుతాయి.

విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగాఁవ్ శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు సెలైన్ సీసాలు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో ఉంచి, రోగుల బంధువుల చేతనే త్రాగించి ఎందరినో బ్రతికించారు. అంత సులభమైన మందు ఇది. కానీ చక్కెర మెండుగా ఉన్న పానీయాలు కూడా ఆ పేరుతోనే ఎన్నో ఏళ్లు దుకాణాలలో అమ్ముడుపోయాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అట్టి పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆదేశించింది. సరైన పొడిలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని ఉన్నదో లేదో చూడవలెను. అది దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సమతలంగా కొలిచి కలుపుకోవచ్చును. ఇది విరేచనాలకు మందే గాని రోజూ త్రాగదగిన పానీయం కాదు.

జీతంలో ఈఎస్ఐ కోత ఉన్నవారు రాజాజీనగర్, పీణ్యా, ఇందిరానగర్‌లలోని ఈఎస్ఐ ఆసుపత్రులకు వెళ్లవచ్చును. లేనివారికి వార్డులలో "నమ్మ క్లినిక్"లు ఉన్నవి, అక్కడ చూపించుకొనుట, మందులు ఉచితం. కన్నడం రాదని వెనుకాడనవసరం లేదు. "ఉరిమూత్ర" అన్నచో మూత్రంలో మంట అని డాక్టరుకు అర్థమవుతుంది.

ఊరి నుండి ఫోను చేసినప్పుడు "తిన్నావా" అని అందరూ అడుగుతారు. ఇక మీద "ఈ రోజు ఎన్ని సీసాల నీళ్లు త్రాగావు, ఎన్నిసార్లు ఒకటికి వెళ్లావు" అని కూడా అమ్మలు అడుగవలెను. మొదట పిల్ల విసుక్కుంటుంది. అయినా అడుగవచ్చును. ఆ గదిలోని స్నేహితురాలి ఫోను నంబరు కూడా ఇంట్లో గోడ క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకొనుట మంచిది.