ఆయిల్ తాగే బండి

ఏ మెకానిక్ షెడ్డులోనైనా ‘బండి ఆయిల్ తాగుతోంది’ అన్నారంటే ఇంజిన్ విప్పాల్సిన రోజు దగ్గరపడిందని అర్థం. రింగులు అరిగాయి, బోరు పోయింది, ఇక ఖర్చుకు సిద్ధపడాలి. మాజ్దా ఆర్ఎక్స్-7 కారు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. నెలల తరబడి తిప్పినా డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గలేదంటే అప్పుడు కంగారుపడాలి. ఈ ఇంజిన్‌కు ఆయిల్ తాగడం జబ్బు కాదు, తిండి.

ఎందుకో తెలియాలంటే లోపలికి చూడాలి. ఇందులో పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండే కోడిగుడ్డు ఆకారపు గదిలో, ఉబ్బిన భుజాల త్రిభుజం ఒకటి తిరుగుతుంటుంది. దాన్ని రోటార్ అంటారు. దాని ఒక్కో ముఖానికీ గది గోడకూ మధ్య ఉన్న జాగా పెరుగుతూ తగ్గుతూ గాలీ పెట్రోలూ పీల్చుకుంటుంది, నొక్కుతుంది, మండిస్తుంది, పొగను బయటికి తోస్తుంది. రోటార్ ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఊహ ఇది. 1957లో ఎన్ఎస్‌యూ కంపెనీలో తొలి నమూనా తిరిగింది.

కాగితం మీద ఇంత అందమైన ఇంజిన్ ఇంకోటి లేదని నా నమ్మకం. చిక్కంతా త్రిభుజం మూడు కొసల దగ్గరే ఉంది. పక్కపక్క గదుల్లో ఒకటి మండుతుంటే ఇంకొకటి పీల్చుకుంటుంటుంది. వాటి మధ్య అడ్డుగోడ కొసలో ఇమిడిన సన్నని లోహపు పట్టీ ఒక్కటే. దాని పేరు ఎపెక్స్ సీల్. ఆర్ఎక్స్-7 చివరి తరంలో దాని మందం 2 మిల్లీమీటర్లు. అరచేతిలో పెట్టుకుంటే విరిగిన హాక్సా బ్లేడు ముక్కలా ఉంటుంది. ఇంజిన్ 8,000 ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు ఆ ముక్క గోడను రాసుకుంటూ సెకనుకు దాదాపు 44 సార్లు చుట్టి వస్తుంది.

1961లో హిరోషిమాలోని టోయో కోగ్యో కంపెనీ లైసెన్సు తీసుకుని ఈ ఇంజిన్‌ను ఇంటికి తెచ్చుకుంది. నేటి మాజ్దా ఆ కంపెనీయే. కొన్ని గంటలు తిప్పి విప్పి చూస్తే గోడల నిండా అలలు అలలుగా గీరిన గుర్తులు. ఇంజనీర్లు వాటికి ‘దెయ్యపు గోటి గాట్లు’ అని పేరు పెట్టారు. 1963లో కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఈ ఒక్క సమస్య మీద కూర్చున్నారు. సీల్ తన సహజ పౌనఃపున్యంలో వణుకుతూ గోడను కొడుతోందని పట్టుకున్నారు. సీల్ లోపల అడ్డంగా, నిలువుగా సన్నని రంధ్రాలు తొలిస్తే వణుకు తీరు మారి గాట్లు మాయమయ్యాయి. చివరికి అల్యూమినియం పట్టించిన కార్బన్ సీళ్లతో 1967 మేలో కాస్మో స్పోర్ట్ కారు రోడ్డెక్కింది.

1973 చమురు సంక్షోభం ఈ ఇంజిన్‌ను దాదాపు చంపేసింది. సన్నగా సాగిన గదిలో మంట పూర్తిగా అందదు, వేడి గోడలకు పోతుంది, పెట్రోలు ఎక్కువ కావాలి. మిగతా కంపెనీల్లో చాలావరకు చేతులెత్తేశాయి. మాజ్దా మాత్రం దీన్ని తేలికపాటి స్పోర్ట్స్ కారులో పెట్టి 1978లో ఆర్ఎక్స్-7 తెచ్చింది. 2002 దాకా మూడు తరాలు, 8 లక్షలకు పైగా కార్లు. ఇప్పటి యజమానుల చేతుల్లో ఎక్కువ ప్రేమా ఎక్కువ గాయాలూ మూటగట్టుకున్నది 1991లో వచ్చిన మూడో తరం, ఎఫ్‌డీ.

ఇక దాని పోషణ. ఇంజిన్ ఆయిల్‌నే కొలిచి దహన గదిలోకి పంపే చిన్న పంపు ఒకటి ఉంటుంది. సీల్‌కు తడి అందేది దానివల్లే. పాత కారులో అది మొరాయిస్తే చప్పుడు రాదు, సీళ్లు నిశ్శబ్దంగా అరుగుతాయి. అందుకే చాలామంది పెట్రోలులో కొలిచి టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు. మామూలు ఇంజిన్ ఆయిల్ కాలితే బూడిద మిగులుతుంది, ఇది కాలిపోవడానికే తయారైంది. బంకులో పెట్రోలుతో పాటు 2టీ ఆయిల్ పోయించుకున్న మన పాత బండ్ల తరానికి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇంకో చిక్కు కొత్త యజమానుల్ని ఏడిపిస్తుంది. చల్లగా ఉన్న కారును స్టార్ట్ చేసి, గేటు బయటి నుంచి లోపలికి తెచ్చి, వెంటనే ఆపేస్తారు. మర్నాడు ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. చల్లని ఇంజిన్‌కు కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు ఇస్తుంది. అది మండేలోపే ఆపేస్తే, మిగిలిన పెట్రోలు సీళ్ల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. ఒత్తిడి నిలవదు. ఇంజిన్ పోయిందనుకుని గుండెలు బాదుకోనక్కర్లేదు. పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, సెల్ఫ్‌తో తిప్పి తడిని బయటికి కక్కించాలి. ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త ఆయిల్ పోసి, ప్లగ్గులు ఆరబెట్టి బిగించి, ఫ్యూజు మళ్లీ పెట్టి ప్రయత్నిస్తే తెల్లటి పొగ కక్కుతూ లేస్తుంది.

నిజంగా పోయిందో లేదో చెప్పేది కంప్రెషన్ పరీక్ష. మామూలు గేజీ ఇక్కడ మోసం చేస్తుంది. ఒక రోటార్‌కు మూడు ముఖాలుంటే, అది వాటిలో అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడినే పట్టుకుని చూపిస్తుంది. గేజీ వాల్వును తెరిచి పట్టుకుని సెల్ఫ్ కొట్టిస్తే ముల్లు ఎగిరెగిరి పడుతుంది. మూడు దెబ్బలూ సమానంగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక్కటే బలహీనమైతే అనుమానం రోటార్ పక్కల్లో ఉండే సైడ్ సీల్ మీదికి పోతుంది. పక్కపక్కనున్న రెండు దెబ్బలు నీరసపడి ఒకటే గట్టిగా ఉంటే కొస సీల్ పోయినట్టే, ఎందుకంటే అది రెండు గదులకు ఉమ్మడి గోడ. గట్టి దెబ్బ, తర్వాత రెండు నీరసపు కదలికలు, మళ్లీ గట్టి దెబ్బ. ఆ ముల్లును చూస్తూ నిలబడ్డవాళ్లు ఎవరూ మాట్లాడరు.

ఎఫ్‌డీకి అసలు శత్రువు వేడి. రెండు టర్బోలు ఒకదాని తర్వాత ఒకటి పనిలోకి దిగేలా నడిపే రబ్బరు గొట్టాలు ఇంజిన్ మీద గూడు కట్టినట్టుంటాయి. ఏళ్ల తరబడి వేడికి అవి గట్టిపడి పగులుతాయి. 4,500 ఆర్‌పీఎం దగ్గర రెండో టర్బో అందుకోవాల్సిన చోట బండి చతికిలబడితే, టర్బోల మీద డబ్బు పోసేముందు ఆ గొట్టాలు చూడాలి. కూలెంట్‌లో గాలిని వేరుచేసే ప్లాస్టిక్ డబ్బా కూడా పగులుతుంది. పైగా కంపెనీ ఇచ్చిన వేడి ముల్లు చాలాసేపు మధ్యలోనే కదలకుండా ఉంటుంది. అది పైకి లేచేసరికి ఆలస్యమైపోతుంది. ఈ కారులో మొదటి మార్పు ఏదంటే, నిజం చెప్పే గేజీ పెట్టుకోవడమే అంటాను.

చాలామంది మొదట మార్చేది సైలెన్సర్‌ని. పొగ దారి తెరుచుకుంటే టర్బో మరింత జోరుగా తిరిగి, హద్దు దాటి గాలిని కుక్కుతుంది. దానికి సరిపడా పెట్రోలు ఇమ్మని కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు. మిశ్రమం పలచబడి, వేళ కాని వేళ పేలుతుంది. మామూలు ఇంజిన్ ఆ దెబ్బలు కొన్ని ఓర్చుకుంటుంది. ఇక్కడ ఒక్క గట్టి దెబ్బకే సీల్ విరగొచ్చు. ఆ ముక్క గది గోడను గీరి, బయటికి పోతూ టర్బో రెక్కను కొడుతుంది. గుర్రపుశక్తి పెంచాలనుకునేవాళ్లు ముందు పెట్రోలు సరఫరా, కంప్యూటర్, రేడియేటర్ చూసుకుని చివర సైలెన్సర్ దగ్గరికి రావాలి.

ఈ రోటరీ ఇంజిన్ ఇంకా పోలేదు. 2023లో మాజ్దా ఎంఎక్స్-30 అనే విద్యుత్ కారులో ఒకే రోటార్ ఉన్న ఇంజిన్‌ను, చక్రాలు తిప్పడానికి కాకుండా కరెంటు పుట్టించడానికి పెట్టింది. ఆ రోటార్ కొసల్లో ఉన్న సీల్ మందం 2.5 మిల్లీమీటర్లు.