కొత్త స్మార్ట్‌ఫోను: వర్తకులు ముందుగా సరిచూసుకోవలసిన అంశాలు

మిర్చి, పసుపు, పత్తి మార్కెట్లలో ధరవరల విచారణ, బేరం, చెల్లింపు నేడు చాలావరకు సెల్‌ఫోను మీదనే సాగుతున్నవి. కొత్త ఫోను అమ్మే దుకాణదారు కెమెరా శక్తిని, తెర వెడల్పును చూపి ఖరీదు చెబుతాడు. వర్తకునికి అక్కరకు వచ్చే సదుపాయాలు వేరు. అతని ఫోను ఒకవంక రోజువారీ చిట్టా, మరొకవంక ఇనప్పెట్టె తాళంచెవి. ఈ రెండింటినీ కాపాడే ఏర్పాట్లు ఇప్పటి ఫోన్లలో అదనపు ఖరీదు లేకుండానే ఉన్నవి. అయితే వాటిలో పెక్కింటిని యజమాని స్వయంగా అమర్చుకోవలసి ఉంటుంది. కొన్న ఏడాది తర్వాత కూడా వాటిని ముట్టుకోని వారే మార్కెట్లో ఎక్కువ.

ఫోను మార్చే రోజు

కొత్త ఫోనును ఏ రోజున వాడుకలోకి తెస్తున్నామన్నది మొదట ఆలోచించవలసిన విషయం. ఫోను మారినప్పుడు యూపీఐ యాప్‌ను కొత్తగా నమోదు చేసుకోవాలి. అలా నమోదైన మొదటి 24 గంటలలో సాధారణంగా 5,000 రూపాయలకు మించి పంపనివ్వరు. ఐఫోన్ల విషయంలో కొన్ని బ్యాంకులు ఈ గడువును ఇంకా పొడిగించినవి. ఫోనుతోపాటు సిమ్ కార్డు కూడా మార్పించుకుంటే మరో చిక్కు వస్తుంది. మోసాల నివారణకై టెలికాం శాఖ విధించిన నిబంధన ప్రకారం, సిమ్ మారిన తర్వాత 24 గంటలపాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు అందవు. బ్యాంకు పంపే ఓటీపీ ఎస్సెమ్మెస్ ద్వారానే రావాలి గనుక ఆ రోజంతా పెద్ద చెల్లింపులు నిలిచిపోగలవు.

కాటా పూర్తయి, లారీలో సరుకు ఎక్కి, రైతు డబ్బుకోసం ఎదురు చూస్తున్న వేళ ఈ అడ్డంకి వస్తే నష్టం డబ్బుతో ఆగదు, పరపతి కూడా దెబ్బతింటుంది. కనుక ఫోను మార్పును మార్కెట్ సెలవు ముందు సాయంత్రం పెట్టుకోవడం మేలు. వేసవి సెలవులు పాటించే యార్డుల వర్తకులు సీజను నడుమ కాక ఆ సెలవులలోనే మార్చుకుంటే మరీ మంచిది. సిమ్‌ను, ఫోనును ఒకే రోజున మార్చకుండా ఉంటే చిక్కు సగం తగ్గుతుంది.

సాధారణ యూపీఐ బదిలీకి రోజుకు లక్ష రూపాయలు హద్దు. క్వింటాలు 15,000 రూపాయలనుకుంటే 10 క్వింటాళ్ల మిర్చికే లక్షన్నర అవుతుంది. కాబట్టి బ్యాంకు సొంత యాప్ కూడా కొత్త ఫోనులో సిద్ధంగా ఉండాలి. నెఫ్ట్ బదిలీలు 2019 డిసెంబరు 16 నుండి, రెండు లక్షలు ఆపైన మొత్తాలకు వర్తించే ఆర్‌టీజీఎస్ బదిలీలు 2020 డిసెంబరు 14 నుండి రేయింబవళ్లు పనిచేస్తున్నవి. అయితే కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి రోజున పెద్ద మొత్తం పంపడానికి చాలా బ్యాంకులు ఒప్పుకోవు. తరచుగా లావాదేవీలు జరిపే పార్టీల ఖాతాలను ముందే చేర్చి ఉంచుకోవాలి.

బేరం మాటకు రుజువు

లోగడ టెలిఫోనులో ఖాయమైన బేరాన్ని దళారీ వెంటనే చిట్టాలో రాసుకొనేవాడు. ఇప్పుడు బేరం వాట్సాప్‌లో జరుగుతున్నది గనుక రాత దానంతటదే మిగులుతుందని పలువురు తలుస్తున్నారు. ఇది పూర్తిగా నిజం కాదు. అందులో 'డిసప్పియరింగ్ మెసేజెస్' అనే అమరిక ఉన్నది. దానిని పెడితే సందేశాలు 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో వాటంతటవే చెరిగిపోతాయి. ఇద్దరిలో ఎవరు పెట్టినా రెండువైపులా వర్తిస్తుంది. మూడు వారాల గడువు మీద సరుకు అమ్మిన వర్తకుడు, ఏడు రోజుల్లో చెరిగిపోయే సంభాషణ మీద ఆధారపడితే గడువునాటికి చేతిలో ఏమీ మిగలదు. పార్టీ పేరు మీద నొక్కితే ఈ అమరిక ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

పంపిన సందేశాన్ని 15 నిమిషాల లోపు దిద్దే సదుపాయం 2023లో వచ్చింది. దిద్దిన దాని పక్కన దిద్దినట్లు గుర్తు పడుతుంది గాని మొదట ఏమి రాసినదీ కనబడదు. సుమారు రెండు రోజులదాకా సందేశాన్ని ఇరువైపులా తొలగించే వీలు కూడా ఉన్నది. అందుచేత ఎదుటివారు పంపిన ధర మీదనే ఆధారపడక, బేరం తెగిన వెంటనే రకం, టిక్కీల సంఖ్య, క్వింటాలు ధర, సరుకు అప్పగించే చోటు, చెల్లింపు గడువు తామే రాసి పంపి 'సరే' అనే జవాబు తెప్పించుకోవడం క్షేమం. తాము రాసినదానిని అవతలివారు దిద్దలేరు.

తగాదా కోర్టు దాకా పోతే తెర ఫొటో ఒక్కటే చాలదు. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతికి నిర్ణీత సర్టిఫికెట్ జతపరచాలి. అంతకుముందు ఇట్టి నిబంధన పాత సాక్ష్య చట్టం 65-బి సెక్షనులో ఉండేది. సందేశాలు వచ్చిన అసలు ఫోను చేతిలో ఉంటే రుజువు సులువు. కనుక బకాయిలు, తగాదాలు తేలకముందే పాత ఫోనును మార్పిడిలో ఇచ్చివేయరాదు. ఇచ్చేముందు వాట్సాప్ నిల్వను బ్యాకప్ చేసి, కొత్త ఫోనులో తెరిచి చూసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ బ్యాకప్ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగాలోనే లెక్కకు వస్తుంది. ఆ జాగా వేడుకల వీడియోలతో నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది.

మాటను రికార్డు చేసే సదుపాయం కొన్ని ఫోన్లలో ఉన్నది. గూగుల్ ఫోన్ యాప్‌లోను, 2024 అక్టోబరు నుండి ఐఫోన్లలోను రికార్డు మొదలవగానే ఆ సంగతి ఇద్దరికీ వినిపిస్తుంది. చిరకాల పరిచయం గల పార్టీలు దీనిని అపనమ్మకంగా భావించే అవకాశం ఉన్నది. మాట ముగిశాక పైన చెప్పినట్లు సారాంశం రాసి పంపితే ఆ ఇబ్బంది రాదు. తెలుగులో టైపు చేయడం కష్టమనేవారు మైకు గుర్తు నొక్కి చెబితే ఫోనే రాసిపెడుతుంది. గూగుల్ ఈ సదుపాయాన్ని తెలుగుకు 2017 ఆగస్టులో కల్పించింది. అంకెలు మాత్రం పంపేముందు ఒకసారి చదువుకోవాలి. ఒక సున్నా జారితే బేరం మారిపోతుంది.

ఫొటో మచ్చు కాదు

సరుకు ఫొటో చూసి ధర చెప్పమనే అలవాటు పెరిగింది. కొత్త ఫోన్లు ఫొటోను అందంగా చూపడానికి రంగులను తమంతట తామే పెంచుతాయి. మనిషి ముఖానికి ఇది మంచిదే. ఎరుపును బట్టి ధర పలికే మిర్చికి, పసుపుదనం బట్టి ధర పలికే కొమ్ములకు ఇది చిక్కు తెస్తుంది. కెమెరాలోని రంగుల మెరుగుదలను, ఫిల్టర్లను తీసివేసి, పగటి వెలుతురులో నీడపట్టున, పక్కన తెల్లకాగితం ఉంచి ఫొటో తీస్తే కొనుగోలుదారు కాగితపు తెలుపును బట్టి సరుకు రంగును అంచనా వేసుకోగలడు. పైన పరచిన కాయల ఫొటోతోపాటు బస్తా లోపలి సరుకుది, తాలు కాయలది విడిగా పంపడం మర్యాద.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన వేళ, చోటు వివరాలు తొలగిపోతాయి. అదే ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపితే నిలుస్తాయి. ఇంత చేసినా తేమ ఎంత ఉన్నదో, ఘాటు ఎంత ఉన్నదో ఏ కెమెరా చెప్పలేదు. సరుకు తెరిచి మచ్చు చూడనిదే పెద్ద బేరం ఖాయపరచకపోవడం పాత ఆనవాయితీ. దానిని వదలవలసిన అవసరం కనబడదు.

తాళాలు, గొళ్లేలు

ఫోను పోయినప్పుడు దాని ఖరీదు కంటే అందులోని సిమ్‌తో జరిగే నష్టం పెద్దది. దొంగ ఆ సిమ్‌ను మరో ఫోనులో వేసుకుంటే ఓటీపీలు అతనికే పోతాయి. దీనికి విరుగుడు సిమ్ పిన్. దీనిని పెట్టుకుంటే సిమ్‌ను ఏ ఫోనులో వేసినా అంకెలు అడుగుతుంది. మూడుసార్లు తప్పు అంకెలు కొడితే సిమ్ బిగుసుకుపోతుంది గనుక, మొదటి పిన్ ఏమిటో కంపెనీ నుండి తెలుసుకొన్న తర్వాతనే దీనిని అమర్చాలి. తాళం వేసిన తెర మీద కూడా ఓటీపీ కనబడే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది. సెట్టింగులలో దానిని మూసివేయాలి.

ఫోను లాక్కొని పారిపోతే ఆ కుదుపును గుర్తించి తెరకు తాళం వేసే సదుపాయం 2024 నుండి ఆండ్రాయిడ్ ఫోన్లకు అందుతున్నది. ఐఫోన్లలో 2024 జనవరిలో దొంగతనం నుండి రక్షణకు ప్రత్యేక ఏర్పాటు వచ్చింది. రెండింటినీ సెట్టింగులలో సరిచూసుకోవాలి. ఫోనులో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు కనబడుతుంది. దానిని దుకాణంలోని కాగితపు ఖాతా పుస్తకంలో రాసి ఉంచాలి. ఫోను పోయినప్పుడు 2023 మే నెలలో ప్రారంభమైన సంచార్ సాథీ ద్వారా ఆ నంబరును నిలుపు చేయించవచ్చు. డబ్బు పోయినట్లు తెలిసిన మరుక్షణమే 1930కు ఫోను చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

పెండ్లి శుభలేఖ అనో, వాహనం చలాన్ అనో చెప్పి పంపే ఏపీకే ఫైళ్లను తెరిస్తే ఫోను పరుల అదుపులోకి పోతుంది. పంపినది తెలిసినవారి నంబరే అయినా తెరవరాదు. వారి ఫోను అప్పటికే చేజారి ఉండవచ్చు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గాని రాబట్టుకోవడానికి అక్కరలేదు. చెల్లించినట్లు తెర ఫొటో చూపినవారికి సరుకు వదలక, సొంత ఖాతాలో జమ చూసుకున్న తర్వాతనే గేటు దాటించాలి.

గుమాస్తాల చేతికి ఫోను ఇచ్చే దుకాణాలలో మరొక జాగ్రత్త అవసరం. వాట్సాప్‌ను ప్రధాన ఫోనుకు తోడు మరి నాలుగు పరికరాలకు కలుపుకోవచ్చు. గుమాస్తా పని మానిన రోజున 'లింక్డ్ డివైసెస్' జాబితాలో అతని కంప్యూటరును తొలగించకపోతే దుకాణం ధరలన్నీ పోటీ వర్తకునికి చేరే ప్రమాదం ఉన్నది. ఫోను చేతికి ఇవ్వక తప్పనప్పుడు ఒకే యాప్ తెరిచి ఉండేటట్లు తెరను పిన్ చేసే సదుపాయం ఆండ్రాయిడ్‌లో ఉన్నది.

ధరల సమాచారం

2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్‌లో నిజామాబాదు పసుపు మార్కెట్ మొదటి జట్టులోనే చేరింది. ఈ-నామ్ యాప్ తెలుగులోనూ లభిస్తుంది. వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్, పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ కల్లాలలో, యార్డులలో ఆరుబయట సరుకు ఉన్నవారికి ఉపయోగం. అయితే బ్యాటరీ పొదుపుకై ఫోను ఇటువంటి యాప్‌లను నిద్రపుచ్చుతుంది. వాన హెచ్చరిక తడిసిన తర్వాత వస్తే లాభం లేదు. ఈ యాప్‌లకు బ్యాటరీ సెట్టింగులలో 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని పెట్టాలి.

దుమ్ము, ఎండ, మన్నిక

యార్డుల్లో తిరిగేవారు ఫోను పెట్టెపై ఐపీ అనే అక్షరాల పక్కన ఉన్న రెండంకెలు చూసి కొనాలి. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి. మొదటి అంకె 6 అయితే దుమ్ము లోపలికి పోదు. 5 అయితే కొంత పోయినా పనికి అడ్డురాదు. మే నెల ఎండలో కారులో వదిలిన ఫోను బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. చార్జింగును 80 శాతం వద్ద ఆపే అమరిక ఉన్న ఫోన్లలో దానిని వాడితే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది.

కొనేముందు భద్రతా అప్‌డేట్‌లు ఎన్నేళ్లు వస్తాయో అడగడం అవసరం. 2023, 2024 సంవత్సరాలలో వచ్చిన కొన్ని ఖరీదైన మోడళ్లకు ఏడేళ్ల హామీ ఉన్నది. చౌక ఫోన్లకు అది చాలా తక్కువ. అప్‌డేట్‌లు ఆగిన ఫోనులో కొంతకాలానికి బ్యాంకు యాప్‌లు కూడా పనిచేయడం మానుతాయి. చౌకగా కొన్న ఫోనును రెండేళ్లకే మార్చవలసి వస్తే ఖరీదు లెక్క తారుమారవుతుంది.

పైన చెప్పిన అమరికలన్నింటికీ సెలవు దినాన ఒక పూట చాలును. సిమ్ పిన్, ఐఎంఈఐ నంబరు, బ్యాకప్ ఈ మూడింటితో మొదలుపెట్టి, ఒక చిన్న మొత్తాన్ని సొంతవారి ఖాతాకు పంపి చూసుకొని, ఆ తర్వాతనే కొత్త ఫోనుతో మార్కెట్లో అడుగుపెట్టడం మంచిది.