కొత్త యాప్ ఫ్రేమ్‌వర్క్‌ను నమ్మేదెలా? ఫ్లట్టర్, డార్ట్ నేర్పే పాఠాలు

ఆండ్రాయిడ్ ఫోన్‌కు యాప్ రాయాలంటే కోట్లిన్ లేదా జావా తెలియాలి. ఐఫోన్‌కైతే స్విఫ్ట్ కావాలి. ఒకే యాప్ రెండింటిలోనూ నడవాలంటే అదే పనిని రెండు భాషల్లో రెండుసార్లు చేయాలి. ఈ శ్రమను తప్పించడానికి వచ్చినవే క్రాస్ ప్లాట్‌ఫామ్ ఫ్రేమ్‌వర్క్‌లు. బటన్లు, జాబితాలు, తెరలు, కదలికలు వంటి తరచూ అవసరమయ్యే భాగాలను ఫ్రేమ్‌వర్క్ ముందే తయారుచేసి ఇస్తుంది. కోడ్ ఒకసారి రాస్తే చాలు, రెండు రకాల ఫోన్లలోనూ నడుస్తుంది.

అయితే ఫ్రేమ్‌వర్క్‌తో పాటు దాని భాషనూ నేర్చుకోవాలి. ఏళ్ల తరబడి నడవాల్సిన యాప్‌కు ఈ ఎంపిక మొదటి రోజే జరిగిపోతుంది. తర్వాత మనసు మార్చుకుంటే యాప్‌ను మొదటి నుంచి తిరిగి రాయడమే. కాబట్టి ఇంకా పాతబడని ఫ్రేమ్‌వర్క్‌ను ఎలా తూకం వేయాలన్నది విద్యార్థులకూ చిన్న సంస్థలకూ ముఖ్యమైన ప్రశ్న. గూగుల్ తయారుచేసిన ఫ్లట్టర్, దాని భాష డార్ట్ ఇందుకు మంచి ఉదాహరణ.

రెండో జన్మ ఎత్తిన భాష

డార్ట్ పుట్టింది మొబైల్ కోసం కాదు. బ్రౌజర్లలో జావాస్క్రిప్ట్‌కు ప్రత్యామ్నాయంగా గూగుల్ దీన్ని 2011 అక్టోబరులో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో జరిగిన సదస్సులో పరిచయం చేసింది. ఆ ఆశ నెరవేరలేదు. క్రోమ్ బ్రౌజర్‌లో డార్ట్‌ను నేరుగా నడిపే ఆలోచనను 2015లో గూగుల్ విరమించుకుంది. ఆ సమయంలో చూసినవారికి ఇది ముగిసిన కథలాగే కనిపించి ఉంటుంది. అదే కాలంలో రూపుదిద్దుకుంటున్న ఫ్లట్టర్ ఈ భాషను ఎంచుకుంది. ఫ్లట్టర్ తొలి ప్రయోగాత్మక రూపం 2017 మేలో, 1.0 వెర్షన్ 2018 డిసెంబరులో వెలువడ్డాయి.

అంతగా ఆదరణ లేని భాషను ఎందుకు ఎంచుకున్నారు? డార్ట్ కోడ్‌ను యంత్రభాషలోకి రెండు విధాలుగా మార్చవచ్చు. యాప్ రాస్తున్నప్పుడు కోడ్ నడుస్తూ ఉండగానే మార్పిడి జరుగుతుంది. అందువల్ల రంగు మార్చినా, వాక్యం దిద్దినా యాప్‌ను ఆపకుండానే ఆ మార్పు తెరపై క్షణాల్లో కనిపిస్తుంది. దీన్ని హాట్ రీలోడ్ అంటారు. యాప్‌ను జనానికి అందించేటప్పుడు మాత్రం మొత్తం కోడ్‌ను ముందుగానే యంత్రభాషలోకి మార్చేస్తారు. నడుస్తున్న సమయంలో కొత్త యంత్రకోడ్ పుట్టించడానికి ఐఫోన్ సాధారణంగా యాప్‌లను అనుమతించదు కాబట్టి ఈ రెండో పద్ధతి తప్పనిసరి. రాసేటప్పుడు స్క్రిప్టింగ్ భాషలోని సౌలభ్యం, నడిచేటప్పుడు యంత్రభాష వేగం, ఈ రెండూ ఒకే భాషలో దొరకడమే డార్ట్‌కు కలిసొచ్చింది.

భాషకు పేరుందా లేదా అన్నదొక్కటే కొలమానం కాదు. ఈ పనికి అది సరిపోతుందా అన్నది ముందు చూడాలి.

16 మిల్లీసెకన్ల పరీక్ష

తెర సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో చిత్రానికి దొరికే సమయం దాదాపు 16 మిల్లీసెకన్లు. ఆ గడువు దాటితే కదలికలో తడబాటు కంటికి తెలిసిపోతుంది. ఫేస్‌బుక్ 2015లో విడుదల చేసిన రియాక్ట్ నేటివ్, ఫోన్‌లో అప్పటికే ఉన్న బటన్లు, పెట్టెలనే వాడుకుంటుంది. ఫ్లట్టర్ అలా కాదు. తెరపై కనిపించే ప్రతి భాగాన్నీ తానే గీస్తుంది. ఏ ఫోన్‌లోనైనా యాప్ ఒకేలా కనిపించడం దీని లాభం. గీసే యంత్రాంగాన్ని కూడా యాప్‌తో పాటు మోసుకెళ్లాలి కాబట్టి యాప్ పరిమాణం పెరగడం నష్టం.

మరో చిక్కు ఆలస్యంగా బయటపడింది. కొత్త యానిమేషన్ మొదటిసారి కనిపించేటప్పుడు గ్రాఫిక్స్ చిప్ కోసం చిన్న ప్రోగ్రాములు అప్పటికప్పుడు తయారయ్యేవి. ఆ క్షణంలో తెర తడబడేది. రెండోసారి అంతా సాఫీగా ఉండేది. ఈ ప్రోగ్రాములను ముందే సిద్ధం చేసే ఇంపెల్లర్ అనే కొత్త యంత్రాంగం 2023లో ఐఫోన్ యాప్‌లకు సాధారణ ఎంపిక అయింది. అందుకే ప్రదర్శన వీడియోలను చూసి నిర్ణయించుకోకూడదు. అప్పుడే ఇన్‌స్టాల్ చేసిన యాప్‌ను తక్కువ ధర ఫోన్‌లో తెరిచి చూడాలి.

తెలుగు అక్షరాల పరీక్ష

తెరను తానే గీసే ఫ్రేమ్‌వర్క్ అక్షరాలను కూడా తానే పేర్చాలి. ఇంగ్లిష్‌కు ఇది తేలిక. తెలుగులో 'స్త్రీ' అన్న మాట కంటికి ఒక్క అక్షరమే అయినా, కంప్యూటర్ లెక్కలో స, విరామం, త, విరామం, ర, ఈకారం అనే ఆరు సంకేతాలు. వీటిని ఒత్తులుగా, గుణింతంగా సరైన చోట కూర్చాలి. ఫ్లట్టర్ ఇందుకు హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను వాడుతుంది.

ఇదెంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా' అక్షరాన్ని ఒక ప్రత్యేక సంకేతాల వరుసలో పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. అంతటి సంస్థకే ఇలా జరిగిందంటే, కొత్త ఫ్రేమ్‌వర్క్‌ను తెలుగు యాప్‌కు వాడేవారు సంయుక్తాక్షరాలు, వాటి మధ్య కర్సర్ కదలిక, ఒక్కో అక్షరం చెరపడం తప్పక పరీక్షించాలి.

మార్పు ఎలా వస్తుంది?

కొత్త భాష మారకుండా ఉండదు. 2011 నాటి డార్ట్‌లో ఏ చలరాశి ఏ రకానిదో చెప్పడం ఐచ్ఛికం. 2018లో డార్ట్ 2 ఆ నియమాన్ని కట్టుదిట్టం చేసింది. విలువ లేని చలరాశిని వాడటం వల్ల వచ్చే లోపాలను ముందే పట్టుకునే 'నల్ సేఫ్టీ' 2021లో వచ్చింది. 2023లో డార్ట్ 3 దాన్ని తప్పనిసరి చేసింది. పాత కోడ్‌ను మార్చుకోవడానికి రెండేళ్ల గడువు, సాయపడే పనిముట్టు దొరికాయి. అయినా ఎవరూ పట్టించుకోని పాత ప్యాకేజీలపై ఆధారపడిన యాప్‌లకు చిక్కు తప్పలేదు. కాబట్టి వాడదలచిన ప్యాకేజీలను ఎవరు నిర్వహిస్తున్నారో, చివరిసారి ఎప్పుడు దిద్దారో ముందే చూసుకోవాలి.

తయారీదారు తప్పుకుంటే?

యాప్‌ను ఒకసారి రాసి వదిలేస్తే సరిపోదు. 2017లో ఐఓఎస్ 11 వచ్చాక 32 బిట్ యాప్‌లు ఐఫోన్లలో తెరుచుకోలేదు. 2019 ఆగస్టు నుంచి గూగుల్ ప్లే కూడా 64 బిట్ కోడ్ ఉండాలని నియమం పెట్టింది. ఇలాంటి మార్పులకు తగ్గట్టు ఫ్రేమ్‌వర్క్‌ను ఎవరూ సవరించకపోతే దానిపై కట్టిన యాప్‌లు ఆగిపోతాయి.

కరోనా అనే ఫ్రేమ్‌వర్క్ చరిత్ర ఇక్కడ గమనించదగ్గది. 2009లో వచ్చిన ఇది లువా అనే స్క్రిప్టింగ్ భాషను వాడింది. దాన్ని నడిపిన సంస్థ 2020లో మూతపడింది. కానీ అప్పటికే కోడ్ ఓపెన్ సోర్స్ కావడంతో సోలార్2డి పేరుతో అది కొనసాగుతోంది. బ్రెజిల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో 1993లో పుట్టిన లువాకు ఆ సంస్థతో సంబంధం లేదు. దాన్ని నేర్చుకున్నవారి శ్రమ వృథా కాలేదు.

ఫ్లట్టర్, డార్ట్ రెండూ ఓపెన్ సోర్సే. అయితే వాటి అభివృద్ధిలో పెద్ద భాగం ఒకే సంస్థ చేతిలో ఉంది, డార్ట్ వాడకం కూడా ఎక్కువగా ఫ్లట్టర్‌తోనే ముడిపడి ఉంది. ఈ రెండు విషయాలనూ తూకంలో వేయాలి. పెద్ద నిర్ణయానికి ముందు యాప్‌లోని అతి కష్టమైన ఒక్క తెరను రెండు వారాలు కేటాయించి కట్టి చూడటం మేలు. తెలుగు పాఠ్యం, నెట్ లేని సమయం, కెమెరా వాడకం, పాత ఫోన్, వీటన్నింటినీ ఆ ఒక్క తెరపైనే పరీక్షించవచ్చు. అక్కడ తేలిన లోపాన్ని దిద్దుకోవడానికి రెండు వారాల శ్రమ చాలు. యాప్ జనం చేతిలోకి వెళ్లాక తేలితే ఏళ్ల శ్రమ పోతుంది.